మన్ను ఎరుగని మనిషి



విభూది బుధవారం నాడు బూడిద పళ్లెం పట్టుకొని నిలబడిన గురువుకు కనిపించేవి ముఖాలు కావు, నొసళ్లు. తల్లి చంకలో నిద్రపోతున్న పసిబిడ్డ నొసలు, పొలం నుండి నేరుగా గుడికి వచ్చిన కూలీ తమ్ముని నొసలు, ముడతలు పడిన ముసలమ్మ నొసలు. అన్నిటి మీదా ఒకటే బూడిద. అందరికీ ఒకటే జ్ఞాపకం: మన్నులో నుండి వచ్చాము, మన్నులోకే పోతాము. ఆ ఒక్కరోజు గుడిలో ఆస్తిపరుడు, అప్పులవాడు అనే తేడా ఉండదు. ఆడ, మగ అనే ఎచ్చుతగ్గులు కూడా ఉండవు.

మొన్నటి విభూది బుధవారం నాడు పూజ ముగిసి జనం వెళ్లిపోయిన తరువాత ఒక పెద్దావిడ నా కోసం వెనుక గది గుమ్మం దగ్గర ఆగింది. ఎనభైకి దగ్గరపడిన మనిషి. మూడేళ్ల క్రితం ఆమె గుండె నెమ్మదించిపోతే డాక్టర్లు పేస్‌మేకరు పెట్టారు. జబ్బ ఎముక కింద చర్మంలో చిన్న పెట్టె ఉంటుంది. దాని నుండి ఒక తీగ నరం గుండా గుండెలోకి వెళుతుంది. గుండె వెనుకబడినప్పుడల్లా ఆ పెట్టె దానిని తట్టి లేపుతుంది.

"ఫాదరుగారూ, మన్నుతో చేసిన ఒళ్లు మన్నులో కలుస్తుందన్నారు. నా గుండెలో పెట్టిన మిషను మన్నుతో చేసింది కాదుగా. కడపటి దినాన నేను లేచినప్పుడు అది కూడా నాతో లేస్తుందా, పెట్టెలోనే ఉండిపోతుందా?" అని అడిగింది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. కొంచెం ఆగి రెండవ ప్రశ్న కూడా అడిగింది. ఆ ప్రశ్నకు నాకు నవ్వు రాలేదు, జవాబు కూడా రాలేదు. దాని దగ్గరకు తరువాత వస్తాను. ముందు ఈ మొదటి ప్రశ్నను మీతో కలిసి ఆలోచించనివ్వండి. అది ఒక్క ముసలమ్మ ప్రశ్న కాదు. నేడు పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలలో చదువుకున్నవారు తలలు పట్టుకొని ఆలోచిస్తున్న ప్రశ్న అదే.

సైబోర్గ్ అనే మాట

శరీరమూ యంత్రమూ కలగలిసిన ప్రాణికి ఒక పేరు ఉన్నది: సైబోర్గ్. 1960లో అమెరికాలో మాన్‌ఫ్రెడ్ క్లైన్స్, నేథన్ క్లైన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ మాటను పుట్టించారు. రోదసిలో మనిషికి గాలి లేదు, వాతావరణం లేదు. భూమి మీది గాలిని మూట కట్టుకొని మోసుకుపోయేకంటే మనిషి శరీరాన్నే మందులతోను, యంత్రాలతోను అక్కడికి తగినట్లు మార్చుకోకూడదా అని వారి ఆలోచన.

ఇరవై అయిదేళ్ల తరువాత, 1985లో, డోనా హారవే అనే అమెరికా విదుషీమణి ఈ మాటను తీసుకొని ఒక వ్యాసం వ్రాశారు. ఆమె జీవశాస్త్రం చదివినవారు, స్త్రీల పక్షాన ఆలోచించేవారు. ఇంకొక సంగతి కూడా మనం గుర్తుంచుకోవాలి. ఆమె డెన్వరు నగరంలో ఐరిష్ సంతతికి చెందిన కతోలిక కుటుంబంలో పుట్టి పెరిగారు. మన జపమాల, మన జ్ఞానోపదేశం ఎరిగిన ఆడబిడ్డ.

ఆమె చెప్పింది క్లుప్తంగా ఇది. ఇన్నాళ్లూ మనుష్యులు గీతలు గీసుకున్నారు: మనిషి వేరు, జంతువు వేరు, ప్రాణి వేరు, యంత్రం వేరు, పురుషుడు వేరు, స్త్రీ వేరు. గీత గీసిన ప్రతిచోటా ఒక పక్క పైది, ఒక పక్క కిందది. స్త్రీ ఎప్పుడూ కింది పక్కనే. సైబోర్గ్ ఈ గీతలను చెరిపివేసే ప్రాణి. దానికి తల్లి గర్భం లేదు, వంశం లేదు, ఆడ మగ అనే కట్టుబాటు లేదు. ఏదెను తోటను చూపిస్తే అది గుర్తుపట్టదు. ఎందుకంటే అది మన్నుతో చేయబడినది కాదు, తిరిగి మన్ను కావాలని కలగనదు.

సెమినరీలో తత్వశాస్త్రం చదువుకున్న నాకు ఈ మాట మొదట చదివినప్పుడు కోపం వచ్చింది. ఇది సృష్టికర్త మీద తిరుగుబాటు అనుకొని పక్కన పెట్టాను. వయసు మళ్లిన తరువాత మళ్లీ చదివితే కోపానికి బదులు సిగ్గు వేసింది. మన్నుతో పుట్టిన లోకంలో తనకు గౌరవం దొరకలేదని ఒక ఆడబిడ్డ మన్నునే వద్దనుకునే దాకా వెళ్లిందంటే, ఆ మన్నును మనం ఎంతగా పాడుచేశామో కదా! ఆమె తన వ్యాసంలో ఆసియా దేశాల ఎలక్ట్రానిక్సు ఫ్యాక్టరీలలో పనిచేసే పేద యువతులను కూడా తలచుకున్నారు. లోకమంతా మెచ్చుకునే యంత్రాల వెనుక వారి వేళ్లు, వారి కళ్లు అరిగిపోతున్నాయి. యంత్రం వచ్చినంత మాత్రాన స్త్రీ బరువు దిగిపోదని ఆమెకు తెలియకపోలేదు.

ఇంకొక విశేషం. అదే హారవే గారు 2016లో తెచ్చిన పుస్తకంలో, తనను "మానవునికి ఆవలి" సిద్ధాంతానికి చెందినదాన్ని అనవద్దని, కుళ్లి ఎరువై మట్టిలో కలిసే కంపోస్టుకు చెందినదాన్ని అంటే బాగుంటుందని అర్థం వచ్చేటట్లు వ్రాశారు. మన్ను ఎరుగని మనిషిని ఊహించిన ఆమె ముప్పై ఏళ్ల తరువాత మన్ను దగ్గరికే వచ్చారు. మన విశ్వాసం దగ్గరకు వచ్చారని నేను అనడం లేదు. ఆమె దారి ఆమెది. అయినా ఎటు తిరిగి ఎటు వచ్చినా మనిషి కాలు ఆనేది మన్ను మీదే. హెబ్రీ భాషలో నేలకు 'ఆదామా' అని పేరు, దాని నుండి వచ్చినవాడు 'ఆదాము'. లతీనులో నేలకు 'హూముస్', మనిషికి 'హోమో'. మన తెలుగులో చెవికి మన్నూ మనిషీ ఎంత దగ్గరగా వినిపిస్తాయో మీకు నేను చెప్పనక్కర లేదు.

పాలిష్ డబ్బాలో పోసిన యంత్రము

అయితే యంత్రం శరీరంలో చేరడం తప్పా? కాదు.

1958 అక్టోబరు 8న స్వీడను దేశంలో ఆర్నె లార్సన్ అనే రోగికి ప్రపంచంలోనే మొదటిసారిగా శరీరం లోపల పేస్‌మేకరు అమర్చారు. ఆయన గుండె మాటిమాటికీ ఆగిపోయేది. ఆయన భార్య పట్టు విడవకుండా డాక్టరు ఓకె సెన్నింగ్‌ను, ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్‌ను ఒప్పించింది. ఆ ఇంజనీరు యంత్రాన్ని తయారుచేసి, బూటుపాలిష్ డబ్బాను అచ్చుగా పెట్టి దాని చుట్టూ జిగురు పోసి గట్టిపరిచాడు. మొదటిది కొన్ని గంటలకే ఆగిపోయింది. ఇంకొకటి పెట్టారు. అలా మార్చుకుంటూ మార్చుకుంటూ ఆయన 2001 వరకు, తన ఎనభై ఆరవ ఏట వరకు బ్రతికాడు. తనకు ఆపరేషను చేసిన డాక్టరు కంటే, ఆ యంత్రం చేసిన ఇంజనీరు కంటే ఎక్కువ కాలం బ్రతికాడు.

మన హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రికి వచ్చిన పోలియో పిల్లలు మూడు కిలోల పైబడిన ఇనుప కాలిపర్లను ఈడ్చుకుంటూ నడవడం చూసి, అబ్దుల్ కలాం గారు క్షిపణులకు వాడే తేలికపాటి పదార్థంతో మూడు వందల గ్రాముల కాలిపర్లు చేయించారు. 2024 జనవరిలో అమెరికాలో మెడ కింద శరీరమంతా చచ్చుబడిన ఒక యువకుని మెదడులో చిప్పు అమర్చారు. అతడు మనసులో అనుకుంటే ఎదుటి కంప్యూటరు తెర మీద గుర్తు కదిలింది.

ఏసు ప్రభువు చేతిలో కుంటివారు నడిచారు, ఊచచెయ్యి బాగుపడింది. ఈ డాక్టర్లు, ఇంజనీర్లు ఆయన పేరు పలికినా పలుకకపోయినా ఆయన కనికరానికి చేతులైనవారే. వ్యాధిగ్రస్తునికి అభ్యంగనం చేసే నా బొటనవ్రేలికి, పేస్‌మేకరు కుట్టే డాక్టరు సూదికి వైరం లేదు. రెండూ ఆ మన్నునే ముద్దు చేస్తున్నాయి.

ప్రమాదం ఎక్కడ వస్తుందంటే, బాగుచేసే చెయ్యి 'ఈ మన్ను నాకు తగదు' అన్నప్పుడు వస్తుంది. ముసలితనం లేని, జబ్బు లేని, ఎవరి మీదా ఆధారపడని, చావు కూడా లేని మనిషిని తయారుచేస్తామని నేడు కొందరు ధనవంతులు చెబుతున్నారు. అటువంటి సమాజంలో మంచం పట్టిన తల్లికి చోటెక్కడ? మాట తడబడే పిల్లవాడికి చోటెక్కడ? మనిషికి ఆవల ఏమున్నదని అడిగేముందు మనం అడగవలసినది ఇదే: ఆ ఊరిలో బలహీనునికి ఇల్లు ఉన్నదా?

కాకినాడకు ఇచ్చిన దేహము

ఈ కల ఈనాటిది కాదు. 1923లో కేంబ్రిడ్జిలో జె.బి.ఎస్. హాల్డేన్ అనే గొప్ప శాస్త్రజ్ఞుడు ఒక ప్రసంగం చేశారు. నూట యాభై ఏళ్ల తరువాత ఒక విద్యార్థి వ్రాసిన వ్యాసం ఇలా ఉంటుందంటూ ఆయన ఊహించి చెప్పారు. ఆ కాలం నాటికి స్త్రీ గర్భంలో పుట్టేవారు నూటికి ముప్పైమంది కూడా ఉండరట. మిగిలినవారంతా యంత్ర గర్భాలలో పెరుగుతారట. 1970లో షూలమిత్ ఫైర్‌స్టోన్ అనే స్త్రీవాద రచయిత్రి అదే ఆశ వెలిబుచ్చారు. కనడం, పెంచడం అనే భారం యంత్రానికి అప్పగిస్తే తప్ప స్త్రీకి విడుదల లేదని ఆమె వాదించారు.

ఊహ ఊహగానే మిగిలిపోలేదు. 2017లో ఫిలడెల్ఫియాలో వైద్యులు నెలలు నిండని గొర్రెపిల్లలను ద్రవంతో నింపిన సంచిలో పెట్టి నాలుగు వారాల వరకు బ్రతికించారు. నెలలు నిండక ముందే పుట్టి ఊపిరి అందక పోయే పసికందులకు రేపు ఇది ఆసరా అయితే దేవునికి స్తోత్రం చెబుదాం. తల్లి దించుకోలేని బరువును కాసేపు మోసే చంక అది. కానీ తల్లి లేకుండా మనిషిని తయారుచేసే కార్ఖానా అయితే, తయారైన సరుకును వద్దని తిప్పి పంపే హక్కు కూడా కొనుగోలుదారునికి వస్తుంది. బిడ్డ వరం కాక సరుకు అవుతుంది.

హాల్డేన్ గారి చివరి కథ మన తెలుగువారికి తెలియవలసినది. ఆయన 1957లో ఇంగ్లాండు విడిచి మన దేశానికి వచ్చి, భారత పౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వరంలో కాన్సరుతో మరణించారు. తన దేహాన్ని మన కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు విద్యార్థుల చదువు నిమిత్తం ఇవ్వాలని విల్లు వ్రాశారు. ఆయన దేవుణ్ణి నమ్మి అలా చేయలేదు. అయినా యంత్ర గర్భాలను ఊహించిన ఆ మేధావి చివరికి లోకానికి ఇచ్చుకున్నది మన్నుతో చేసిన తన శరీరాన్నే. శరీరాన్ని ఇచ్చుకోవడం ఎంత గొప్పదో దివ్యసత్ప్రసాదం ముందు మోకరిల్లే మనకు తెలియాలి.

గోడవైపు తిరిగి పడుకున్న కోడలు

ఇక ఆ పెద్దావిడ రెండవ ప్రశ్న. ఇది నేను పాపసంకీర్తనములో విన్నది కాదు. గుమ్మం దగ్గర నిలబడి చెప్పినది. ఆమె, ఆమె కోడలు ఇద్దరూ వ్రాయమన్న తరువాతే వ్రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు.

ఇరవై ఏళ్ల పైమాట. గురుపట్టం పొందిన కొత్తలో నేను అదే విచారణలో సహాయ గురువుగా ఉన్నాను. ఆ ఇంట్లో ఇద్దరు మనుమరాళ్లు. కోడలికి మళ్లీ నెల తప్పింది. పట్నంలో ఒకచోట స్కానింగు చేయించారు. ఆడ మగ చెప్పకూడదని 1994లోనే చట్టం వచ్చింది, 1996 జనవరి 1 నుండి అమలులో ఉన్నది. అయినా చెప్పేవారు చెప్పారు. ఆడపిల్ల. కోడలిని మరునాడు మళ్లీ అక్కడికే తీసుకుపోయారు. ఇంటికి వచ్చిన తరువాత ఆ అమ్మాయి నెలరోజులు గోడవైపు తిరిగి పడుకుంది.

"పంపింది నా కొడుకు కాదు ఫాదరుగారూ. నేనే" అన్నది ఆవిడ. "ఒక మిషను నన్ను బ్రతికిస్తున్నది. ఇంకొక మిషను చూపించినదాన్ని నేను బ్రతకనివ్వలేదు. ముఖం కూడా రాని ఆ పిల్ల కడపటి దినాన లేస్తుందా? లేస్తే నన్ను గుర్తుపడుతుందా?"

నేను ఏదో ఓదార్పు మాట వెతుక్కుంటుండగా ఆవిడే మళ్లీ అన్నది: "అంతకు నెల ముందు మీరు మా ఇల్లు ఆశీర్వదించడానికి వచ్చారు. ఈసారి మగబిడ్డనే దయచేయమని కోడలి తల మీద చెయ్యి పెట్టి మీరు కూడా ప్రార్థన చేశారు."

నింద వేసినట్లు అనలేదు. లెక్క ఒప్పచెప్పినట్లు అన్నది. నాకు ఆ రోజు గుర్తులేదు. కానీ అటువంటి ప్రార్థనలు ఆ రోజులలో ఎన్ని ఇండ్లలో చేశానో నాకు తెలుసు. అడిగారు గనుక చేశాను. ఆ ఇంటివారు సంతోషించారు, నేనూ సంతోషించాను. నా ప్రార్థన విని కడుపులో ఉన్న ఆడబిడ్డ ఏమనుకున్నదో అని ఒక్కరోజైనా ఆలోచించలేదు. ప్రియ పాఠకులారా, ఈ పాపంలో నా పాలు కూడా ఉన్నదని ఈ పత్రికలో మీ ముందు ఒప్పుకొంటున్నాను.

ఆ స్కానింగు యంత్రానికి ఆడపిల్లల మీద పగ లేదు. అది శబ్ద తరంగాలను పంపి, తిరిగి వచ్చిన వాటితో బొమ్మ గీస్తుంది. బిడ్డ గుండె కొట్టుకుంటున్నదా, మాయ సరిగా ఉన్నదా అని చూసి ఎందరో తల్లులను కాపాడింది. ఆ బొమ్మను చదివిన కన్ను మనది. ఆ కన్ను వెనుక ఉన్న కట్నం లెక్క మనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు పిల్లలలో ప్రతి వెయ్యిమంది మగపిల్లలకు 1991 జనాభా లెక్కలలో 975 మంది ఆడపిల్లలు ఉన్నారు. 2001లో 961 మంది. 2011లో 939 మంది. చదువు పెరిగిన, ఆసుపత్రులు పెరిగిన, కంప్యూటర్లు పెరిగిన ఇరవై ఏళ్లు అవి. యంత్రం పెరిగితే ఆడ మగ తేడా దానంతట అదే చెరిగిపోతుందని ఆశించిన పండితులకు మన ఊళ్లు ఇచ్చిన జవాబు ఈ అంకెలు. హృదయం మారకుండా చేతికి యంత్రం ఇస్తే, పాత పాపమే కొత్త వేగంతో నడుస్తుంది.

అగుస్తీనువారి జవాబు

ఆ రాత్రి సెమినరీ నాటి పుస్తకాలలో పునీత అగుస్తీనువారి "దేవుని నగరము" వెతికి తీశాను. పదునారు వందల ఏళ్ల క్రితం వ్రాసిన గ్రంథం. దాని చివరిదైన ఇరవై రెండవ భాగంలో ఆయన అచ్చంగా ఆ పెద్దావిడ ప్రశ్నలనే తీసుకున్నారు.

స్త్రీలు స్త్రీలుగానే లేస్తారా అని ఆనాడు కొందరు సందేహపడేవారు. దేవుడు మన్నుతో చేసింది పురుషుణ్ణి మాత్రమే, స్త్రీని పురుషునిలో నుండి తీశాడు, కాబట్టి కడపటి దినాన స్త్రీలంతా పురుషులుగా మారి లేస్తారని వారి వాదం. అగుస్తీనువారు దీనిని ఒప్పుకోలేదు. స్త్రీగా ఉండడం లోపం కాదు, అది స్వభావం. ఇద్దరినీ చేసినవాడు ఇద్దరినీ లేపుతాడని ఆయన తీర్పు చెప్పారు. లోపం పోతుంది, స్వభావం నిలుస్తుంది. ఆడతనం నుండి స్త్రీకి విడుదల అక్కరలేదు. ఆమె ఆడతనాన్ని చులకన చేసిన చూపు నుండి విడుదల కావాలి. గలతీయులకు వ్రాస్తూ పౌలుగారు క్రీస్తునందు స్త్రీపురుష భేదం లేదన్నప్పుడు దేహాలను చెరిపివేయమనలేదు. దేహాల మధ్య మనం కట్టిన మెట్లను కూల్చమన్నారు.

2024 ఏప్రిల్‌లో రోమునగరం నుండి మానవ గౌరవాన్ని గురించి వెలువడిన విశ్వాస పీఠ పత్రం కూడా ఈ రెండింటినీ పక్కపక్కనే పెట్టింది. స్త్రీపురుష భేదం దేవుడిచ్చిన వరమని, దానిని లేదనకూడదని చెప్పింది. స్త్రీల మీద జరిగే హింస మానవ గౌరవానికే గాయమని కూడా చెప్పింది. మొదటి మాట పట్టుకొని రెండవది విడిచిపెట్టే అధికారం మనకు లేదు. ఆడ మగ అనే గడులలో ఇమడలేక నలిగిపోతున్నవారు మన వీధులలోనూ ఉన్నారు. వారిని చూసి గుడి మెట్ల మీద నిలబడి నవ్వే అధికారం అంతకన్నా లేదు. వారి నొసలు కూడా ఆ మన్నే.

గాయాల సంగతి. వేదసాక్షులు క్రీస్తు కోసం పొందిన గాయాల గుర్తులు పరలోకంలో వారి దేహాల మీద ఉంటాయని, అవి వికారం కాక అలంకారంగా వెలుగుతాయని అగుస్తీనువారు ఆశపడ్డారు. ఉత్థాన క్రీస్తు తోమాగారికి చూపించినది మచ్చ లేని కొత్త చేతులు కావు. మేకులు దిగిన చేతులే. మానవునికి ఆవలి సమాజం అంటూ ఒకటి ఉంటే మనకు తెలిసిన దాని మొదటి పౌరుడు ఆయనే. ఆయన అక్కడికి తన గాయాలు విడిచి వెళ్లలేదు.

గర్భంలోనే పోయిన బిడ్డలను గురించి కూడా ఆయన వ్రాశారు. ఔనని గట్టిగా చెప్పే ధైర్యం, కాదని చెప్పే ధైర్యం రెండూ తనకు లేవన్నారు. కానీ వారిని చనిపోయినవారి లెక్కలో నుండి తీసివేయనప్పుడు, తిరిగి లేచేవారి లెక్కలో నుండి ఎందుకు తీసివేయాలో తనకు తోచడం లేదన్నారు. అంతటి మహాజ్ఞాని అంత వినయంగా చెప్పిన మాటకు నేను ఏమి కలపగలను?

మరునాడు వెళ్లి ఆ పెద్దావిడతో చెప్పాను: "మామ్మగారూ, మీ మిషను పెట్టెలోనే ఉంటుంది. దాని పని అయిపోతుంది. జబ్బ మీది ఆ కుట్టు సంగతి మాత్రం నేను చెప్పలేను, ప్రభువు గాయాలు ఆయనకు ఉన్నాయి. ఆ బిడ్డను గురించి నాకు ఆశ ఉన్నది. కానీ మీరు నాతో చెప్పిన మాట ముందు మీ కోడలితో చెప్పండి."

ఆవిడ పది రోజులు తీసుకుంది. తరువాత ఇద్దరూ కలిసి విచారణ గృహానికి వచ్చారు. కోడలు ఎక్కువ మాట్లాడలేదు. ఒక పూజ చెప్పించాలన్నది. పూజల పుస్తకం తెరిచి, ఎవరి పేరు మీద అని అలవాటుగా అడిగాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ గడిలో "పేరు పెట్టని బిడ్డ" అని వ్రాశాను.

మన ఇండ్లలో

ఈ తపస్సుకాలంలో ప్రతి కుటుంబానికి మూడు చిన్న పనులు విన్నవించుకుంటున్నాను.

మొదటిది. ఎవరి ఇంటికి వెళ్లినా గర్భిణీ స్త్రీని "ఎవరు పుడతారు?" అని అడగకండి, "మగపిల్లవాడే లెండి" అని దీవించకండి. ఆడపిల్ల జ్ఞానస్నానానికి కూడా మగపిల్లవాని జ్ఞానస్నానానికి పంచినన్ని మిఠాయిలు పంచండి. ఇక నుండి నా నోట ఆ ప్రార్థన రాదు. అడిగినా రాదు.

రెండవది. 1925 నాటి భారత వారసత్వ చట్టం క్రైస్తవ కుటుంబాలలో కుమారునికి, కుమార్తెకు సమాన వాటా ఇచ్చింది. కట్నం ఇచ్చాము కదా అని ఆడపిల్ల చేత సంతకం పెట్టించుకోవడం న్యాయం కాదు. కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 నుండి నేరం కూడా. యంత్రం వెనుక ఉన్న పాత లెక్కను చింపివేయకుండా యంత్రాన్ని తిట్టి ప్రయోజనం లేదు.

మూడవది. పేస్‌మేకరులో బ్యాటరీ కొన్నేళ్లకు అరిగిపోతుంది, మార్పించాలి. "ఈ వయసులో ముసలిదానికి ఇంత ఖర్చు ఎందుకు?" అనే మాట మన ఇండ్లలో తండ్రికంటే తల్లి విషయంలోనే ముందు వినిపిస్తున్నది. వినికిడి యంత్రం గాని, కంటి ఆపరేషను గాని, మోకాలి చికిత్స గాని, ఇంట్లో ఆడవారి వంతు చివర రాకుండా చూసుకోండి.

మానవునికి ఆవలి సమాజం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. అది వచ్చినప్పుడు దాని గుమ్మం దగ్గర కూడా ఎవరో ఒక తల్లి ఎవరో ఒక బిడ్డను గురించి అడుగుతూ నిలబడి ఉంటుంది. ఆమెకు చోటిచ్చే ఇంటిని ఈలోగా మన్నుతోనే కట్టుకుందాం.

ప్రార్థన

మమ్ము మన్నుతో చేసి, నీ ఊపిరి పోసిన సర్వేశ్వరా, మేము వద్దనుకున్న బిడ్డలను నీవు వద్దనుకోలేదని నమ్ముతున్నాము. మా చేతులకు నీవిచ్చిన నేర్పు బలహీనునికి ఊతకర్ర కావాలి గాని, బలహీనుని మీద ఎత్తిన కర్ర కాకూడదు. నీ కుమారుని గాయాలను చూసి మా గాయాల పట్ల సిగ్గుపడకుండా, మేము చేసిన గాయాల పట్ల సిగ్గుపడే కృపను మాకు దయచేయుము. పేరు పెట్టని బిడ్డలను నీ చేతి మీద వ్రాసుకొనుము. ఆమెన్.